కర్నూలు ఎండలో పది పన్నెండవుతుంది

కడప నుంచి రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం. కారులో ఐదుగురు, డిక్కీ నిండా పెళ్లి సామాను, ఏసీ ఫుల్లుగా పెట్టి ఉంది. ముందు సిమెంటు బస్తాల లారీ ఒకటి పాక్కుంటూ పోతోంది. దాన్ని దాటేద్దామని నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. స్పీడు పెరగదు. బానెట్ కింద నుంచి మాత్రం సన్నగా, గట్టిగా, టకటకమని ఇనుప చప్పుడు మొదలవుతుంది. కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే మళ్లీ వస్తుంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే ఏమీ కనబడదు.

మర్నాడు షెడ్డులో మాటలు ఇలా సాగుతాయి.

“ఏమన్నా, ఘాట్లో నాలుగో గేరులోనే లాగినావా?”

“ఏసీ గూడ ఏసుకొని పోయినాంలే. పిల్లోల్లు ఉండారు గదా.”

“థర్డ్‌కి రావల్ల గదన్నా. ఇంజన్ కొట్టుకుంటాంటే ఇంగా తొక్కుతారా?”

మెకానిక్ చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకు నిజమో తెలుసుకోవాలంటే సిలిండరులోకి దిగాలి.

పెట్రోలు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి లాగుతుంది, పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. పిస్టన్ కొస దాకా రాకముందే ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. ప్లగ్ దగ్గర పుట్టిన మంట నలువైపులా పాకుతూ సిలిండరు గోడల దాకా వెళ్లాలి. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు ఈ పాకడానికి పట్టే కాలం రెండు మూడు మిల్లీసెకన్లు. మనకు అది పేలుడులా అనిపించినా నిజానికి అదొక పద్ధతైన మంట. ఒత్తిడి క్రమంగా పెరుగుతుంది, పిస్టన్‌ను కిందికి తోస్తుంది, బండి కదులుతుంది.

చిక్కంతా మంట ఇంకా చేరని ఆ చివరి మూలల్లో ఉంది. కాలిన వాయువు వ్యాకోచిస్తూ, కాలని మిశ్రమాన్ని గోడలకేసి ఇంకా గట్టిగా నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. ఏ ఇంధనమైనా ఒక వేడిని, ఒక ఒత్తిడిని కొంతసేపే భరిస్తుంది. ఆ గడువు తీరేలోపు మంట వచ్చి దాన్ని కాల్చేస్తే సరే. మంట రావడం ఆలస్యమైతే ఆ మూలలోని మిశ్రమం నిప్పు తగలకుండానే తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటుంది. జొన్నచొప్ప వామికి ఒక పక్క నిప్పంటుకుని మెల్లగా కాలుతూ వస్తుంటే, ఇంకా అంటుకోని సగం కాగి కాగి ఉన్నట్టుండి భగ్గుమన్నట్టు. అప్పుడు సిలిండరులో ఒత్తిడి ఒక అల అయి ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుంటుంది. ఏడు సెంటీమీటర్ల చిల్లర వ్యాసమున్న మామూలు కారు సిలిండరులో ఆ అల సెకనుకు దాదాపు ఏడు వేల సార్లు కొట్టుకుంటుంది. ఘాటులో మీరు విన్న టకటక అదే. దీన్నే నాకింగ్ అంటారు. లోపల ఏ రెండు ఇనుప భాగాలూ ఒకదాన్నొకటి తాకలేదు. మోగింది వాయువు.

చప్పుడుతో పోతే బాధ లేదు. మామూలుగా పిస్టన్ తల మీద, గోడల మీద పలచని వాయువు పొర ఒకటి నిలకడగా ఉండి వేడిని అడ్డుకుంటుంది. సిలిండరులో మంట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది, పిస్టన్‌ను చేసిన అల్యూమినియం కరగడానికి 660 డిగ్రీలు చాలు. అయినా పిస్టన్ కరగకుండా ఉండడానికి ఆ పొర, అడుగున చల్లే ఆయిలు, రింగుల ద్వారా గోడకు పోయే వేడి కారణం. నాకింగ్ అల ఆ పొరను చెరిపేస్తుంది. విప్పి చూస్తే పిస్టన్ అంచు ఇసుకతో గీరినట్టు గరుకుబారి ఉంటుంది, రింగుల మధ్య గట్టు విరిగి ఉంటుంది, ప్లగ్ తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనబడతాయి. వాటిలో మెరిసే చుక్కలుంటే అవి పిస్టన్ నుంచి లేచొచ్చిన అల్యూమినియం. ప్లగ్ విప్పినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఈ చుక్కల కోసం చూసే మెకానిక్ దొరికితే అతన్ని వదులుకోకండి.

ఇక లెక్కలోకి వద్దాం. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పుడు సిలిండరులో ఉండే చోటును, పిస్టన్ పైకొసన ఉన్నప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. పది భాగాలను ఒక భాగంలోకి కుక్కితే 10:1. నొక్కిన వాయువు వేడెక్కుతుందని సైకిలుకు గాలి కొట్టిన ప్రతివాడికీ తెలుసు, పంపు అడుగు చెయ్యి కాలుస్తుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమానికి ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం, పది రెట్లు నొక్కితే ఉష్ణోగ్రత కెల్విన్లలో దాదాపు రెట్టింపవుతుంది. పన్నెండు రెట్లు నొక్కితే 2.1 రెట్లు.

ఇంజన్‌లోకి పోయే గాలి 27 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం, అంటే 300 కెల్విన్లు. 10:1 ఇంజన్ దాన్ని నొక్కితే పైకొసన 326 డిగ్రీలు వస్తుంది. అదే గాలిని 12:1 ఇంజన్ నొక్కితే 359. ఇప్పుడు కర్నూలుకు రండి. మే నెలలో ఇక్కడ 42, 43 మామూలు, 45 తాకే రోజులూ ఉంటాయి. 45 డిగ్రీల గాలిని అదే 10:1 ఇంజన్ నొక్కితే వచ్చేది 361 డిగ్రీలు. వేడి మట్టుకు చూస్తే, చల్లని ఊళ్లో 10:1 రేషియోతో హాయిగా నడిచే ఇంజన్ కర్నూలు మే నెలలో 12:1 ఇంజన్ పడే బాధ పడుతుందన్నమాట. బయట పెరిగింది 18 డిగ్రీలు, లోపల పెరిగింది 35. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బానెట్ కింద వేడి బయటికంటే ఎంతో ఎక్కువ కాబట్టి అసలు లెక్క ఇంకా కఠినంగానే ఉంటుంది. తనంతట తాను అంటుకునే గడువు వేడి పెరిగేకొద్దీ వడివడిగా తరిగిపోతుంది. అందుకే ఈ 35 డిగ్రీలు చిన్న సంగతి కాదు. వేడి గాలి పలచన కాబట్టి సిలిండరులోకి ఆరు శాతం దాకా తక్కువ గాలి పోతుంది, బండి లాగడమూ తగ్గుతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు. నాకింగ్‌కు కావలసిందీ అదే.

రాయలసీమకు ఇంకో ప్రత్యేకత ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మన గాలి పొడి. గాలిలోని నీటి ఆవిరి కాలదు, కాలేవాటి వేడిని తాను కొంత పీల్చుకుంటుంది, మంట వేడిని తగ్గిస్తుంది, నాకింగ్‌ను అణచిపెడుతుంది. మచిలీపట్నంలో 38 డిగ్రీల ఉక్కపోత రోజున కిలో గాలిలో పాతిక గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. కర్నూలులో 43 డిగ్రీల వడగాలి రోజున పది పదకొండు గ్రాములకు మించదు. చెమటతో సముద్రతీరం మనిషిని హింసిస్తే, పొడితో సీమ ఇంజన్‌ను హింసిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లలోకి నీళ్లూ మిథనాలూ కలిపి చల్లింది ఈ కారణంగానే. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారులో టర్బోతోపాటు 10.25:1 రేషియో పెట్టి, నీళ్లూ మిథనాలూ చల్లే ఏర్పాటు కూడా ఇచ్చారు. యజమానులు ఆ సీసా నింపడం మరిచిపోయేవారు, కారు పేరు చెడింది. 2016లో బీఎండబ్ల్యూ తన ఎం4 జీటీఎస్‌లో నీళ్లు చల్లడాన్ని మళ్లీ తెచ్చింది. సీమలో ఇది పనికొచ్చే విద్యే, నింపడం మరవకుండా ఉంటే.

ఇంత గొడవ ఉంటే అసలు ఎక్కువ నొక్కడం దేనికి? మైలేజీ కోసం. ఎంత నొక్కితే అంత వ్యాకోచం, వ్యాకోచం పెరిగితే వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. ఏ నష్టమూ లేని ఆదర్శ ఇంజన్‌కు లెక్క వేస్తే 8:1 దగ్గర సామర్థ్యం 46 శాతం, 10:1 దగ్గర 50, 12:1 దగ్గర 52.5, 14:1 దగ్గర 55 శాతానికి కాస్త తక్కువ. నిజం ఇంజన్లలో ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి గానీ పెరిగే తీరు ఇదే. మెట్టుమెట్టుకూ లాభం తరుగుతుంది, నాకింగ్ ముప్పు మాత్రం తరగదు. 1983లో వచ్చిన మారుతి 800 రేషియో సుమారు 8.7. కొన్నేళ్ల కిందటి స్విఫ్ట్, డిజైర్లలోని కె12ఎన్ ఇంజన్‌ది 12. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ది 14. మరి ఇవి కర్నూలు ఎండలో ఎలా తట్టుకుంటున్నాయి?

ఆ సంగతికి ముందు ఇంధనం కథ చెప్పుకోవాలి. నూరేళ్ల కిందట ఇంజనీర్లకు నాకింగ్ పెద్ద అడ్డుగోడ. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో హ్యారీ రికార్డో, నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగల ఇంజన్ ఒకటి కట్టి, ఏ ఇంధనం ఎంత రేషియో దాకా కొట్టుకోకుండా నిలుస్తుందో వరుసగా కొలిచాడు. లోపం ఇంజన్‌ది మాత్రమే కాదని, ఇంధనం అణువుల అమరికను బట్టి ఉందని అతని కొలతలు తేల్చాయి. అమెరికాలో చార్ల్స్ కెటరింగ్ దగ్గర పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనాన్ని చిటికెడు కలిపితే నాకింగ్ మాయమవుతుందని కనిపెట్టాడు. ఆ రసాయనంతో మూడేళ్లకే న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో కార్మికులు పిచ్చెత్తి చనిపోయారు. అయినా ప్రపంచమంతా దశాబ్దాల పాటు సీసాన్ని పొగగొట్టాల నుంచి పీల్చింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. 2021లో అల్జీరియా మానేయడంతో ప్రపంచంలో కార్లకు సీసం పెట్రోలు అమ్మకం ముగిసింది.

ఆక్టేన్ కొలమానాన్ని 1926లో గ్రాహం ఎడ్గర్ ఇచ్చాడు. ఐసో ఆక్టేన్ అనే ద్రవం బాగా ఓర్చుకుంటుంది, దానికి 100. నార్మల్ హెప్టేన్ ఊరికే అంటుకుంటుంది, దానికి సున్నా. పెట్రోలు 91 అంటే, 91 పాళ్ల ఐసో ఆక్టేన్‌లో 9 పాళ్ల హెప్టేన్ కలిపితే ఎంత ఓర్పు ఉంటుందో అంత ఓర్పు ఉన్నదని. ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఓర్పు. నూరు ఆక్టేన్ పెట్రోలు పోస్తే బండి గుర్రమైపోతుందని నమ్మేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 తెచ్చింది. అంత ఓర్పు అవసరమయ్యే ఇంజన్ మీ దగ్గర లేకపోతే, మామూలు పెట్రోలుకు ఇచ్చే డబ్బుకంటే బాగా ఎక్కువ ఇచ్చి మీరు కొన్నది పేరు మాత్రమే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ బంకులో 87 చూసి మన 91 కంటే నాసిరకం అనుకుంటుంటారు. వాళ్లు రెండు పరీక్షల సగటు రాస్తారు, మనం మొదటి పరీక్ష అంకె ఒక్కటే రాస్తాం. రెండూ దాదాపు ఒకటే పెట్రోలు. ఆ మొదటి పరీక్షలో ఇంజన్‌కు ఇచ్చే గాలి 52 డిగ్రీలు. ప్రయోగశాలలో కావాలని పెట్టిన ఆ వేడి, బానెట్ కింద మనకు ఊరికే దొరుకుతుంది. రెండో పరీక్షలో మిశ్రమాన్ని 149 డిగ్రీలకు వేడి చేస్తారు, ఇంజన్‌ను ఇంకా వేగంగా తిప్పుతారు. అక్కడ మన 91 పెట్రోలుకు కనీసం 81 రావాలని నిబంధన. వేడి పెరిగితే పెట్రోలు ఓర్పు ఎంత సడలుతుందో ఈ 91కీ 81కీ మధ్య తేడా చెబుతుంది.

ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ మీద ఇంటింటా రచ్చ నడుస్తోంది కాబట్టి దాని పక్షాన ఒక మాట, దాని మీద ఒక ఫిర్యాదు. ఇథనాల్ ఓర్పు 108 దాకా ఉంటుంది. 20 శాతం కలిపితే పెట్రోలు 95 దగ్గరికి చేరుతుంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండున్నర రెట్లు వేడిని పీల్చుకుంటుంది, లోపలికి పోయే గాలిని చల్లబరుస్తుంది. సీమ ఇంజన్‌కు సరిగ్గా ఇదే మందు. ఫిర్యాదు ఏమిటంటే, లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పాత ఇంజన్లలో మైలేజీ ఆరేడు శాతం పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. పెరిగిన ఓర్పును వాడుకునేలా కంప్రెషన్ పెంచిన ఇంజన్ అయితే ఆ నష్టంలో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. 91కి కట్టిన పాత బండిలో ఆ ఓర్పు చాలా మట్టుకు వృథా. ఓర్పును ముందు పంచి, దాన్ని వాడుకునే ఇంజన్లను తరువాత ఇవ్వడం వరుస తప్పిన పని అని నా అభిప్రాయం. రబ్బరు గొట్టాలు, సీళ్ల సంగతి వేరు, అది ఇక్కడ ఎత్తుకుంటే తెగదు.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ వేసే ప్లగ్గే లేదు. 16 నుంచి 20 రెట్లు గాలిని నొక్కి, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అది తనంతట తానే అంటుకోవాలి. పెట్రోలు ఇంజన్‌కు జబ్బు అయినది డీజిల్ ఇంజన్‌కు బతుకు. సినిమాల్లో సీమ అనగానే గాల్లోకి లేచే సుమోలన్నీ డీజిల్ బండ్లు.

12:1 ఇంజన్ కర్నూలులో ఎలా బతుకుతోందన్న ప్రశ్న బాకీ ఉంది. జవాబులో సగం చెవిది. సిలిండర్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ అనే చిన్న బిళ్ల లోపల పీజో స్ఫటికం ఉంటుంది, అది వణికితే కరెంటు పుడుతుంది. ఆ ఏడు వేల కంపనాల చప్పుడును మన చెవికి అందకముందే అది పట్టి ఇంజన్ కంప్యూటరు ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ వెంటనే ఆ సిలిండరుకు నిప్పురవ్వను రెండు మూడు డిగ్రీలు ఆలస్యం చేస్తుంది, తరువాత కొంచెం కొంచెంగా వెనక్కి తెస్తుంది, మళ్లీ చప్పుడు వస్తే మళ్లీ ఆలస్యం. పాత రోజుల్లో మెకానిక్ డెల్కోను, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటరును, చేత్తో తిప్పి, ఎక్కుడు దారిలో టాప్ గేరులో లాగించి, సన్నగా కొట్టుకునే చోటు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఇసుమంత వెనక్కి జరిపేవాడు. అదే పని ఇప్పుడు సెకనుకు పదుల సార్లు జరుగుతోంది. అందుకే కొత్త కార్లలో టకటక వినబడదు. వినబడకపోతే జబ్బు లేదని కాదు. టైమింగ్ ఆలస్యమైనప్పుడల్లా లాగడం తగ్గుతుంది, పొగగొట్టం దాకా వేడి పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. “ఎండాకాలం మైలేజీ పడిపోతాంది” అనే మాటలో ఏసీ వాటాతోపాటు ఈ ఆలస్యం వాటా కూడా అంతో ఇంతో ఉంది.

ఆ సెన్సరును ఎంత బిగువుగా బిగించాలో కంపెనీ చెబుతుంది, మామూలుగా 20 న్యూటన్ మీటర్లు. పానా చేతికొచ్చినంత బిగిస్తే చెవిటిదవుతుంది, లేదా లేని చప్పుడు వింటుంది.

మిగతా సగం ఇంజన్ కట్టడంలో ఉంది. కె12ఎన్‌లో ఒక్కో సిలిండరుకు రెండు ఇంజెక్టర్లు పెట్టి పెట్రోలును వాల్వుల దగ్గరే సన్నగా చిమ్ముతారు, అది ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. కాలిపోయిన వాయువులో కొంత చల్లబరిచి తిరిగి లోపలికి పంపుతారు, అది నీటి ఆవిరి చేసే పనే చేస్తుంది. హైక్రాస్ 14 మరో ఉపాయం. పిస్టన్ పైకి బయలుదేరాక కూడా గాలి వాల్వు చాలాసేపు తెరిచే ఉంటుంది, గాలిలో కొంత వెనక్కి పోతుంది. కాబట్టి నిజంగా నొక్కేది 14 రెట్లు కాదు, అంతకంటే బాగా తక్కువ. వ్యాకోచం మాత్రం పూర్తి 14 రెట్లు. బ్రోచరులోని అంకె వేరు, సిలిండరు అనుభవించే అంకె వేరు.

కారుకు పదును పెట్టాలనుకునే కుర్రకారు మరిచేది ఈ సంగతే. పెద్ద తల ఉన్న పిస్టన్లు, రీమ్యాప్, చల్లని గాలి గొట్టం అంటూ వీడియోలు చూసి మొదలుపెడతారు. చల్లని గాలి గొట్టం బయటి గాలిని నేరుగా తెస్తే మంచిదే. రేడియేటర్ వెనక తెరిచిన ఫిల్టరు పెడితే అది వేడి గాలి గొట్టం. రీమ్యాప్ ఏ ఊరి గాలిలో, ఏ పెట్రోలుతో చేశారన్నది ముఖ్యం. డిసెంబరు చలిలో, 95 ఆక్టేన్ పోసి సరిచేసిన మ్యాప్ కర్నూలు మే నెలలో పిస్టన్‌ను తింటుంది. ప్లగ్ కూడా ఒక మెట్టు చల్లనిది వేయాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లనిది, బాష్‌లో తలకిందులు, కలగాపులగం చేస్తే అంతే. పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య అంచుల దగ్గర సందు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే ఆ మూలల్లోని మిశ్రమం చిమ్ముకుని మధ్యలోకి వస్తుంది, మూలలు చల్లగా ఉంటాయి. మందం గాస్కెట్ వేసి రేషియో తగ్గించామనుకునేవాళ్లు ఈ సందును పెంచి, అసలు రక్షణను చెడగొడతారు. ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపురేఖలు అనుమతి లేకుండా మార్చకూడదు. బీమా వాళ్లకు ఈ సెక్షను బాగా గుర్తుంటుంది.

టర్బో పెట్రోలు బండ్లకు ఇంకో జబ్బు ఉంది. తక్కువ వేగంలో ఎక్కువ తొక్కినప్పుడు, నిప్పురవ్వ పడకముందే ఆయిలు చుక్కో బొగ్గు రేణువో అంటుకుని మిశ్రమాన్ని కాల్చేస్తుంది. దీన్ని ఈసీయూ టైమింగ్‌తో ఆపలేదు, ఒకటి రెండు దెబ్బలకే పిస్టన్ పగలవచ్చు. ఆయిల్లోని కాల్షియం దీనికి దోహదం చేస్తుందని తేలాక, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో దీనికోసం పెట్టిన పరీక్షను ఆయిలు నెగ్గాలన్నారు. టర్బో కారు ఉంటే డబ్బా మీద ఎస్‌పీ గానీ దాని తరువాతి ప్రమాణం గానీ ఉందో లేదో చూసి కొనండి.

ఘాటు ఎక్కేటప్పుడు గేరు తగ్గించమని మెకానిక్ ఎందుకు అన్నాడో ఇప్పుడు చెప్పొచ్చు. నాలుగో గేరులో ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటుంది. సిలిండరు నిండా మిశ్రమం, అది అంటుకోవడానికి కావలసినంత వ్యవధి. మూడో గేరుకు వస్తే ఇంజన్ వడిగా తిరుగుతుంది, అదే బలానికి థ్రాటిల్ తక్కువ చాలు. ఒత్తిడి తగ్గింది, వ్యవధీ తగ్గింది.

వీటన్నిటికంటే సీమలో పెద్ద శత్రువు బోరు నీళ్లు. రేడియేటర్లో నీళ్లు తగ్గితే దారిలో హోటలు దగ్గరి కుళాయి నుంచి ఒక సీసా పోసేస్తారు. మన బోరు నీళ్లలో సున్నం ఎంతో ఇంట్లో స్టీలు బిందెల అడుగు చూస్తే తెలుస్తుంది. అదే సున్నం సిలిండరు చుట్టూ నీళ్లు తిరిగే సందుల్లో పేరుకుంటుంది. సున్నపు పొర వేడిని ఎంతగా అడ్డుకుంటుందంటే, ఒక మిల్లీమీటరు సున్నం దాదాపు పాతిక మిల్లీమీటర్ల పోత ఇనుముతో సమానం. మీటరు ముల్లు మామూలుగానే చూపిస్తుంది, ఎందుకంటే అది నీళ్ల వేడిని కొలుస్తుంది. సున్నం వెనక లోహం మాత్రం కాగిపోతూ ఉంటుంది. ఆ వేడి చోటు పక్కనున్న మిశ్రమమే మొదట పేలుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం, ఇంకేమీ పోయకూడదు.

సున్నం పట్టిన ఇంజన్ ఒకరోజు మరిగిపోతుంది, హెడ్ వంకర పోతుంది, గాస్కెట్ కాలుతుంది. హెడ్ లేత్ షాపుకు చేరుతుంది. అక్కడ ఫేసింగ్ చేసి, అంటే అడుగు ముఖం కోసి చదును చేసి ఇస్తారు. ఇక్కడ ఎవరూ వేయని లెక్క ఒకటి ఉంది. పాత మారుతి 800 ఒక్క సిలిండరులో పిస్టన్ తిరిగే చోటు 265 సీసీ, పిస్టన్ పైకొసన మిగిలే చోటు 34.5 సీసీ. లెక్క సులువుగా ఉండేందుకు, కోతకు బదులు గాస్కెట్ అర మిల్లీమీటరు పలచబడిందనుకుంటే అందులో 1.8 సీసీ పోతుంది, 8.7 రేషియో 9.1 అవుతుంది. భరించొచ్చు. అదే అర మిల్లీమీటరు కె12ఎన్‌లో తీయండి. అక్కడ పైన మిగిలే చోటే 27 సీసీ, అందులో 2.1 పోతే 12 కాస్తా 12.9 అవుతుంది. హెడ్ కోసినప్పుడు కాస్త తక్కువైనా దారి అదే. దానికి కర్నూలు ఎండ కలిపే రెండు పాయింట్లు తోడైతే ఈసీయూ కూడా చేతులెత్తేస్తుంది. ఫేసింగ్ అయిన నెలకే “ఇంజన్ ముందరలా లాగడం లేదు, ఎండపూట కొట్టుకుంటాంది” అని వచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే. నేరం పెట్రోలు బంకు మీదికి పోతుంది.

మీ కారు హెడ్ ఎప్పుడైనా లేత్ షాపుకు పోతే మూడు పనులు చేయించండి. కోయడానికి ముందు హెడ్ మందం, కోశాక హెడ్ మందం కొలిపించి, తేడాను బిల్లు మీద రాయించుకోండి. కంపెనీ మాన్యువల్ అనుమతించే హద్దు ఎంతో అడగండి, హద్దు దాటితే వేరే హెడ్ వెతకండి. నీటి సందుల్లోని సున్నాన్ని శుభ్రం చేయించకుండా హెడ్ బిగించనివ్వకండి.